సంతానలేమి - దాని కారణములు

వైద్యవిద్యా ప్రవేశపరీక్షయగు నీట్ తెలుగులోను వ్రాయవచ్చును గనుక, మా చీరాల విద్యార్థులు కొందఱు శాస్త్రపదముల కర్థమడుగుటకై నాయొద్దకు వచ్చుచుందురు. ఆ పరీక్షలోని 720 మార్కులలో 360 జీవశాస్త్రమునకే. అందు సంతానలేమిని గూర్చిన పాఠమొకటి కలదు. అది పిల్లలకన్న పెద్దలకే యెక్కువ యవసరము. ఏలనన, బిడ్డలు కలుగలేదని కాపురము చెడినపుడు తగవు మీ యరుగుమీదికే వచ్చును.

దంపతులు సంవత్సరకాలము అడ్డులేక కాపురము చేసినను గర్భము నిలువకున్న దానిని సంతానలేమి యందురు. గర్భము కలుగుటకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడవలెనని సుశ్రుతాచార్యులు మొలకతో పోల్చి చెప్పిరి. సేద్యమెఱిగిన మీకు దీనిని వివరింప బనిలేదు. నేటి శాస్త్రము చెప్పు కారణములును చాలవఱకు ఈ నాలుగింట నిముడును.

ఋతువనగా అండము విడుదలయగు కాలము. అండాశయములందు నీటిబుడగలవంటివి కనబడు పీసీఓఎస్ యను రుగ్మతచేతను, థైరాయిడ్ గ్రంథి వికారముచేతను ఆ వేళ తప్పును. క్షేత్రము గర్భాశయమును, దాని కిరుప్రక్కల నుండు నాళములును. మనదేశమున ఈ క్షేత్రమునకు పెద్ద శత్రువులలో క్షయ యొకటి. అది ఊపిరితిత్తులకే పరిమితమని తలపకుడు. దగ్గు లేకయే నాళములను మూసివేయగలదు. అంబువు పోషణము. మిక్కిలి చిక్కినను, మిక్కిలి స్థూలించినను ఋతుక్రమము చెడును.

ఇక బీజము. స్త్రీబీజము ముప్పదియైదేండ్లు దాటినపిమ్మట త్వరితముగ క్షీణించును. పురుషబీజము మాట యెత్తుటకే మనవారు జంకుదురు. శుక్రకణములు తక్కువగ నుండవచ్చును, వానికి చలనము లేకపోవచ్చును, మార్గము మూసికొనిపోవచ్చును. వృషణముల సిరలుబ్బుట, యుక్తవయస్సు తరువాత గవదబిళ్లలు వచ్చి వృషణములకు దిగుట, పొగాకు, మద్యము, అధికమగు వేడి, ఇవన్నియు హేతువులే. మీసము మెలివేయుటకును బీజబలమునకును సంబంధము లేదు. బిడ్డలు లేని జంటలలో సుమారు సగమునందు పురుషుని లోపము, ఒంటిగనో భార్య లోపముతో గూడియో, ఉండునని వైద్యులందురు. మనదేశమున నింద తఱచుగ స్త్రీమీదనే పడుచున్నదని పాఠ్యపుస్తకమే ఒప్పుకొనుచున్నది. గొడ్రాలను మాటకు సరియగు పుంలింగపదము మన వాడుకలో వినబడదు గదా!

భార్యను పుట్టలచుట్టు, ఆస్పత్రులచుట్టు ఏండ్లకొలది త్రిప్పుదురు. భర్తకు చేయు శుక్రపరీక్షకు కోతయు లేదు, నొప్పియు లేదు. రెండు మొదలు ఏడు దినములవఱకు బ్రహ్మచర్యము పాటించి యొక చిన్న పాత్రలో నిచ్చిన చాలును. లోపము కనబడిన మరల చేయింపవలయును. శుక్రకణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును గనుక, నడుమ తీవ్రజ్వరము వచ్చియున్న లెక్క తగ్గవచ్చును.

భార్య యుండగ మఱియొకతెను తెచ్చుట 1955 నాటి హిందూ వివాహచట్టమున చెల్లదు. చెల్లదన్నను వినక తెచ్చిరేని, లోపము భర్తయందే యున్నయెడల ఆ రెండవయామెకును అదే నింద. భార్యకు ముప్పదియైదేండ్లు దాటినచో సంవత్సరము వేచియుండక, ఆరు నెలలకే ఇరువురును కలిసి వైద్యుని దర్శింపవలయును.