మిట్రల్ కవాటం: నిర్మాణం, సమన్వయం

1. ఉపోద్ఘాతం

‘కవాటం’ అనే సంస్కృత పదానికి తలుపు అని అర్థం. గుండెలో ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు మధ్య ఉన్న కవాటానికి రెండు పత్రాలు ఉండటం వల్ల దానిని ‘ద్విపత్ర కవాటం’ అంటారు. క్రైస్తవ బిషప్పులు ధరించే ‘మైటర్’ అనే శిరోవేష్టనాన్ని పోలి ఉన్నందువల్ల ‘మిట్రల్’ అనే పేరు వచ్చింది. 16వ శతాబ్దపు శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఆండ్రియాస్ వెసాలియస్ ఈ పోలికను సూచించాడు. అయితే ఈ రెండు పేర్లూ పత్రాలనే దృష్టిలో ఉంచుకొన్నవి. వలయం, పత్రాలు, స్నాయురజ్జువులు, పాపిల్లరీ కండరాలు, జఠరిక గోడ ఏకకాలంలో సహకరిస్తేనే కవాటం సక్రమంగా పనిచేస్తుంది. ఆ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వలయం, పత్రాలు

కవాట వలయం చదునైన ఉంగరం కాదు. గుర్రపు జీను వలె వంపు తిరిగి ఉంటుంది. వయోజనులలో కవాట ద్వార వైశాల్యం సాధారణంగా 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు. పూర్వ పత్రం వలయంలో సుమారు మూడవ వంతునే ఆక్రమించినా, ఎత్తులో పెద్దది. పర పత్రం మిగిలిన భాగమంతా వ్యాపించినా పొట్టిది. దాని అంచు సాధారణంగా మూడు తమ్మెలుగా విభజితమై ఉంటుంది. పూర్వ పత్రం బృహద్ధమని కవాటంతో తంతుకణజాలం ద్వారా కలిసి ఉంటుంది. పర పత్రం వైపు వలయానికి అంతటి ఆధారం లేదు. అందువల్ల గుండె వ్యాకోచించినప్పుడు వలయం ప్రధానంగా ఆ వైపే సాగుతుంది. కవాటం మూసుకొన్నప్పుడు పత్రాలు అంచులతో మాత్రమే తాకవు. కొన్ని మిల్లీమీటర్ల మేర ఒకదానినొకటి ఒత్తుకొంటాయి.

3. రజ్జువులు, కండరాలు

పాపిల్లరీ కండరాలు కవాటాన్ని లాగి మూస్తాయన్నది సరికాదు. కవాటం తెరుచుకోవడానికి, మూసుకోవడానికి కారణం రెండు గదుల మధ్య పీడన భేదం. జఠరిక సంకోచించేటప్పుడు పత్రాలు కర్ణికలోకి తిరగబడకుండా రజ్జువులను బిగువుగా నిలపడమే ఈ కండరాల పని. ప్రతి కండరం నుండి రజ్జువులు రెండు పత్రాలకూ వెళ్తాయి. కనుక ఒక్క కండరం తెగినా రెండు పత్రాలూ పట్టు కోల్పోతాయి. పూర్వ పార్శ్వ కండరానికి సాధారణంగా రెండు ధమనుల నుండి రక్తం అందుతుంది. పర మధ్యస్థ కండరానికి తరచుగా ఒకే ధమని ఆధారం. గుండెపోటులో ఈ రెండవ కండరమే ఎక్కువగా తెగడానికి కారణమిదే.

4. వ్యాధి నిర్ధారణలో ప్రాధాన్యం

రుమాటిక్ వ్యాధిలో పత్రాల సంధులు అతుక్కొంటాయి. రజ్జువులు మందమై కురచబడతాయి. ద్వార వైశాల్యం 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే సంకుచితత్వాన్ని తీవ్రమైనదిగా పరిగణిస్తారు. దీనికి భిన్నంగా, జఠరిక వ్యాకోచించినప్పుడు పత్రాలు ఆరోగ్యంగానే ఉన్నా, కండరాలు స్థానభ్రంశం చెంది వాటిని కిందికి లాగడం వల్ల రక్తం వెనుకకు కారుతుంది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలైన్ కార్పెంటియర్ పత్రాల కదలికను సాధారణం, అధికం, పరిమితం అని మూడు విధాలుగా వర్గీకరించాడు. దోషం ఏ భాగంలో ఉందో గుర్తించి, ఆ భాగాన్నే సరిచేసే విధానానికి ఇది మార్గం చూపింది.

5. ముగింపు

కారుడు పత్రాల వద్ద కనిపించినా, దాని మూలం జఠరిక గోడలో ఉండవచ్చు. అందుచేతనే కవాటాన్ని మార్చవలసి వచ్చినప్పుడు కూడా వీలైనంత మేర రజ్జువులను నిలుపుతారు; అవి తెగితే జఠరిక సంకోచశక్తి క్షీణిస్తుంది. బోధనలో ‘ద్విపత్రం’ అనే పేరుతో ఆగిపోక, ఈ అయిదు భాగాలనూ ఒకే యంత్రాంగంగా పరిచయం చేయడం అవసరం.