మీకు తెలుసా? పల్చటి సోలుకూ మన్నిక ఉంది!

బేర్‌ఫుట్ షూ అంటే వట్టి కాళ్లతో నడిచినట్టే ఉండే షూ. మడమ, మునిపాదం ఒకే ఎత్తులో ఉంటాయి. వేళ్లు విచ్చుకునేంత వెడల్పు ఉంటుంది. సోలు కొద్ది మిల్లీమీటర్లే. ‘ఇంత పల్చటిది ఎన్నాళ్లొస్తుంది?’ అన్నది అందరికీ వచ్చే అనుమానం.

ముందు పాడయ్యేది ఫోమ్
మామూలు రన్నింగ్ షూను 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చమంటారు. కింది రబ్బరు బాగానే ఉన్నా, పైనున్న ఫోమ్ పొర బరువు మోసి మోసి అణిగిపోతుంది. బేర్‌ఫుట్ షూలో చాలావాటికి ఆ ఫోమే ఉండదు. ఇక అరగాల్సింది రబ్బరే.

8,000 కిలోమీటర్ల హామీ
అమెరికాకు చెందిన జీరో షూస్ తన సోళ్లకు 5,000 మైళ్ల హామీ ఇస్తోంది. అంటే సుమారు 8,000 కిలోమీటర్లు. రోజుకు 5 కిలోమీటర్లు నడిచేవారికి నాలుగేళ్ల పైమాటే! మడమ దగ్గర గానీ, మునిపాదం దగ్గర గానీ సోలు మందం ఒక మిల్లీమీటరు కంటే తగ్గితే అరిగిపోయినట్టు లెక్క. హామీ సోలుకే. వేళ్లు వంగేచోట పైబట్ట చిరగడం, అంచున జిగురు ఊడటం వేరే సంగతి. అందుకే కొనేటప్పుడు ఆ రెండు చోట్లా వంచి చూడాలి.

టైరు చెప్పుల ఊరు
మెక్సికో కొండలోయల్లో రారామురి తెగవారు పాత టైరు ముక్కకు తోలు పట్టీలు కట్టుకుని మైళ్లకు మైళ్లు పరుగెత్తుతారు. మన పల్లెల్లోనూ పొలం పనులకు టైరు చెప్పులే తొడిగిన తరం ఉంది. కిందనున్నది గట్టి రబ్బరైతే మెత్త లేకపోయినా చెప్పు మన్నుతుందని వారికి ఎప్పుడో తెలుసు.

పాదమూ గట్టిపడుతుంది
లివర్‌పూల్ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలు ఇలాంటి షూతో రోజువారీ పనులు చేసుకున్నవారి పాదాల బలం సగటున 57 శాతం పెరిగింది. మన దేశంలో 2,300 మంది పిల్లలను పరిశీలించి 1992లో వెలువరించిన అధ్యయనంలో, చదును పాదాలు చెప్పులూ బూట్లూ వేసుకునేవారిలో 8.6 శాతం, వేసుకోనివారిలో 2.8 శాతం కనిపించాయి.

తొందర వద్దు
2013లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, పది వారాల్లో పల్చటి షూకు మారిన 19 మంది రన్నర్లలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. ఏళ్ల తరబడి మెత్తకు అలవాటు పడ్డ పాదానికి వ్యవధి కావాలి. మొదట రోజూ పావుగంట నడవండి, నొప్పి లేకుంటేనే వారం వారం పెంచండి. షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కేవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోవద్దు.

అరుగుదల చెప్పే మాట
నెలకోసారి సోలు తిరగేసి చూడండి. మడమ ఒక పక్కే అరుగుతుంటే కాలు ఈడుస్తున్నారని అనుమానించవచ్చు. చిన్న అడుగులు వేస్తూ పాదాన్ని నెమ్మదిగా ఆనిస్తే షూకూ ఆయుష్షు, మోకాలికీ మేలు. తడిస్తే మండుటెండలో కాక నీడలో ఆరబెట్టండి, జిగురు నిలుస్తుంది.