వెడల్పు వసారాకు వాసముల కొలతలు

గోడకు ఆనించి ఒక వైపునకు వాలుగా దింపిన పెంకుటి వసారా మన ప్రాంతములయందు అందఱును ఎఱిగినదే. పాఠశాలలో పిల్లల సంఖ్య పెరిగినప్పుడు 7 అడుగుల వసారాను 14 అడుగులకు వెడల్పు చేసి, అందొక తరగతిని నడపవలెనను తలంపు కలుగుట సహజము. అట్టి సమయమున సామాన్యముగా వినవచ్చు మాట యేమనగా, “వెడల్పు రెండింతలైనది గావున రెండింతల పొడవుగల వాసములను తెప్పించిన చాలును” అని. ఈ మాట న్యాయముగనే తోచును. కాని దీనిని నమ్మి కట్టిన కప్పు క్రింద పిల్లలను కూర్చుండబెట్టరాదు. ఏల కూడదో విచారింతము.

మొదట వాలును చూడవలెను. మంగళూరు పెంకునకు సాధారణముగా 2 అడుగుల వెడల్పునకు 1 అడుగు ఎత్తు ఉంచుదురు. కావున 14 అడుగుల వసారాకు గోడవైపు కొస చూరుకంటె 7 అడుగులు ఎత్తున ఉండవలెను. వాసము పొడవు సుమారు 16 అడుగులగును. గోడకు అంత ఎత్తు లేనిచో తక్కిన లెక్కలతో పనియే లేదు.

పిమ్మట బరువు. బద్దలతోకూడ పెంకు చదరపు అడుగునకు సుమారు 13 పౌనులు తూగును. పెంకు పీల్చు వాననీరు, వాసముల స్వంత బరువు, మరమ్మతునకై పైకెక్కు మనుష్యుల బరువు చేర్చి చదరపు అడుగునకు 25 పౌనులని ఎంచుట మేలు. వాసములను 2 అడుగుల కొకటి చొప్పున వేసినచో ఒక్కొక్క వాసము ప్రతి అడుగు పొడవునను 50 పౌనులు మోయవలసియుండును.

ఇక కఱ్ఱ బలమెందున్నదో తెలిసికొనుటకు మీ కొలబద్దయే చాలును. దానిని రెండు పుస్తకములపై పఱుండబెట్టి నడుమ నొక్కుడు, సులభముగా వంగును. అంచుపై నిలిపి నొక్కుడు, వంగదు. కఱ్ఱ ఒక్కటియే, నిలిపిన తీరు మాత్రమే వేఱు. పలకను పఱచిన దానికంటె అంచుపై నిలిపినప్పుడు ఎక్కువ బరువోర్చునని గెలీలియో 1638లో లైడెన్ నగరమున ప్రకటింపబడిన తన గ్రంథమున నిరూపించెను. వాసము అడ్డమును రెండింతలు చేసిన బలము రెండింతలే అగును. నిలువును రెండింతలు చేసిన బలము నాలుగింతలు, వంగకుండ నిలుచు గుణము ఎనిమిదింతలు అగును.

పొడవు దీనికి విరోధి. వాసము పొడవు రెండింతలైనచో, దాని మీది మొత్తపు బరువును రెండింతలగును, ఆ బరువు వాసమును వంచు దూరమును రెండింతలగును. అందుచే కఱ్ఱపై పడు శ్రమ నాలుగింతలు. నడుమ కుంగు పదునాఱింతలు.

మంచి టేకుతో లెక్క వేసి చూతము. 2 అంగుళముల అడ్డము, 4 అంగుళముల నిలువుగల వాసము 8 అడుగుల దూరమున పై బరువునకు సుమారు అంగుళములో మూడవ వంతు మాత్రమే కుంగును; ఇది దోషము కాదు. అదే వాసమును 16 అడుగుల దూరమున ఉంచిన 5 అంగుళములు కుంగును. అది ఆ దినముననే విఱుగకపోవచ్చును. కాని పెంకుల కీళ్లు విడి నీరు దిగును. ఏండ్లు గడచిన కొలది కఱ్ఱ ఇంకను జాఱును. అడ్డమును పెంచి దీనిని సరిచేయ దలచితిమేని, 2 అంగుళములకు మాఱు 16 అంగుళములు కావలెను! నిలువును 8 అంగుళములు చేసినచో 2 అంగుళముల అడ్డమే చాలును. కుంగు అంగుళములో మూడింట రెండు వంతులకు మించదు. ఇట్టి సన్నని నిలువు వాసములు ప్రక్కకు ఒఱగకుండ కొసలయందు నడుమ నడుమ దిమ్మెలు బిగింపవలెను.

రెండవ ఉపాయము, నడుమ ఒక దూలము వేసి, 2 అంగుళములు 4 అంగుళముల వాసములనే దానిమీదుగా పోనిచ్చుట. ఇందు వాసములకు కఱ్ఱ సగమే పట్టును. కాని గదిలో స్తంభములు నిలుచును. ఈ దూలముపై 16 అడుగుల కప్పులో సగమగు 8 అడుగుల బరువే పడునని పలువురు తలంతురు. అతుకులేని వాసము దూలముమీద నడుమ ఆనినప్పుడు, గోడపై 3 అడుగులది, చూరు దూలముపై 3 అడుగులది, నడిమి దూలముపై 10 అడుగులది బరువు పడును. స్తంభములు 8 అడుగుల కొకటి యున్నచో ఆ దూలమునకు 3 అంగుళముల అడ్డమును 8 అంగుళముల నిలువును తగినవి.

ఈ కొలతలు ఆఱిన, చేవగల కఱ్ఱకే చెల్లును. పచ్చికఱ్ఱ బరువు క్రింద ఆఱుచు వంగిపోవును. పెద్ద ముడి వాసము నడుమ క్రిందివైపున ఉండరాదు. అచ్చట గంటు కొట్టనురాదు. గోడలోనికి పోవు కొసకు చుట్టును గాలి ఆడనిచ్చి, చెదలు పట్టకుండ మందు పూయవలెను.

క్రిందికి దిగు బరువుతోనే విచారణ ముగియదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను పాడుచేసిన తుపాను వంటివానిని ఎఱిగిన తీరదేశమున, గాలి వసారాలో జొరబడి కప్పును పైకెత్తును. వసారా ఎంత వెడల్పో గాలికి అంత పట్టు దొరకును. కావున వాసమును దూలమునకు, దూలమును స్తంభమునకు, స్తంభమును పునాదికి ఇనుపపట్టీలతోను మరమేకులతోను బంధింపవలెను. ఒక్క మేకును నమ్మరాదు.

కావున కఱ్ఱ కొనుటకు ముందు ఆధారముల నడిమి దూరము, వాసముల ఎడము, కప్పు బరువు, కఱ్ఱ జాతి అను నాలుగింటిని కాగితముపై వ్రాసి, ఎఱిగిన ఇంజనీరునకు చూపుడు. విద్యార్థులారా, మీరు తరగతిలో నేర్చు వర్గములు, ఘనములు పరీక్షకొఱకే కావు. కప్పు క్రింద కూర్చుండు తమ్ములకును చెల్లెండ్రకును అవి కాపుదల.