ఓడింది పాయింటే... ఆట కాదు!

సకినాలు చుట్టడంలో ఆమెకు ఆమే సాటి. సంక్రాంతి వచ్చిందంటే వాడకట్టు వాడకట్టంతా ఆమెనే పిలుస్తుంది. ‘ఫోనులో పెట్టు వదినా, బయటి దేశాల నుంచి కూడా అడుగుతారు’ అని ఎవరో సలహా ఇస్తారు. సరేనని ఫోటోలు తీసి పెడుతుంది. సంఘంలో తీసుకున్న అప్పులోంచి ఐదొందలు ప్రకటనకు కూడా కడుతుంది. వారం తిరిగేసరికి లైకులు బోలెడు... ఆర్డర్లు నాలుగు! ‘ఇదంతా మనకు అచ్చిరాదులే’ అనుకుని ఆ పని అక్కడితో ఆపేస్తుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇలాంటి వారు మనకు తెలిసిన ఇళ్లలోనే కనిపిస్తారు. చేతిలో విద్య ఉంది, ఫోను ఉంది. లేనిదల్లా ఓటమిని చదవడం. అది నేర్చుకోవాలంటే టెన్నిస్ చూడాలి. సకినాలకూ టెన్నిస్‌కూ ఏమిటి సంబంధం అంటారా? చాలానే ఉంది!

నూటికి 54 మాత్రమే

రోజర్ ఫెదరర్ పేరు విననివారు తక్కువ. 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో ఆయన ఒక లెక్క చెప్పారు. తాను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచారట. మరి పాయింట్లు? కేవలం 54 శాతం! అంటే అంతటి ఆటగాడు కూడా ప్రతి వంద పాయింట్లలో 46 పోగొట్టుకున్నారన్నమాట.

పోయిన పాయింటు గురించి బాధపడుతూ కూర్చుంటే తర్వాతిది కూడా పోతుంది. అలాగని పట్టించుకోకుండా వదిలేసినా పోతుంది. ఎందుకు పోయిందో గమనించి, మనసులోంచి దించేసి, మళ్లీ సర్వీసుకు సిద్ధం కావాలి. మొదటి వారం నాలుగే ఆర్డర్లు వచ్చాయంటే పోయింది కొన్ని పాయింట్లే. ఆట ఇంకా మీ చేతిలోనే ఉంది.

లైకులు వేరు, లాభం వేరు

2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచారు. ప్రత్యర్థి జకోవిచ్ గెలిచింది 204. అయినా కప్పు జకోవిచ్‌దే! ఆ మ్యాచ్‌లో మూడు సెట్లు టైబ్రేక్‌కు వెళ్తే, మూడూ జకోవిచ్ గెలుచుకున్నారు. ఎన్ని పాయింట్లు అన్నది కాదు, ఏ పాయింట్లు అన్నది ముఖ్యం.

మన వ్యాపారంలో లైకులు ఆ 218 లాంటివి. చూడ్డానికి బాగుంటాయి, ఇల్లు గడవదు. పైన చెప్పుకున్న వదిన లెక్కే చూద్దాం. ప్రకటనను మూడు వేల మంది చూశారనుకోండి. నలభై మంది ధర అడిగారు. నలుగురు కొన్నారు. ఒక్కో ఆర్డరుకు 80 రూపాయలు మిగిలితే వచ్చింది 320. ప్రకటన ఖర్చు 500. నష్టం 180!

ఇక్కడ ఆగిపోతే నష్టమే మిగులుతుంది. కొంచెం లోపలికి వెళ్లి చూడండి. నలభై మంది అడిగారంటే సకినాలు నచ్చాయనే కదా! మరి ముప్పై ఆరు మంది ఎక్కడ జారిపోయారు? కొరియర్ చార్జీ చెప్పగానే మాట్లాడటం మానేశారా? ‘దారిలో విరిగిపోవూ?’ అని అడిగారా? మధ్యాహ్నం అడిగితే రాత్రి పది గంటలకు జవాబిచ్చారా? ఈ మూడింటికీ మందు వేరు వేరు. చార్జీ కలిపి ఒకే ధర చెప్పడం, గట్టి డబ్బాలో సర్దుతున్న వీడియో పెట్టడం, వెంటనే జవాబివ్వడం. ఏ మందు వేయాలో లెక్క చూస్తేనే తెలుస్తుంది.

ఒక్క సంగతి. మూడూ ఒకేసారి మార్చకండి. ఈ వారం ధర చెప్పే తీరు మార్చండి, వచ్చే వారం ఫోటో మార్చండి. అప్పుడే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలుస్తుంది. ఒక్క రోజు అమ్మకం చూసి నిర్ణయానికి రావడం కూడా తొందరపాటే. పండుగ ముందు రోజుల లెక్క మామూలు రోజులకు సరిపోదు కదా!

సానియా చేసిన మార్పు

లెక్క చూసుకుని దారి మార్చుకోవడానికి మన హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జాను మించిన ఉదాహరణ ఏముంటుంది? 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. కానీ గాయాలు, ఆపరేషన్లు ఆమెను వదల్లేదు. 2013లో సింగిల్స్ మానేసి డబుల్స్ మీదే దృష్టి పెట్టింది. తన బలమైన ఫోర్‌హ్యాండ్‌ను మాత్రం మార్చుకోలేదు. నెట్ దగ్గర చురుకైన మార్టినా హింగిస్‌ను తోడు తెచ్చుకుంది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్! ఆ జంట వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది.

మార్చుకోవలసింది ఆట తీరునే తప్ప మన బలాన్ని కాదు. సకినాలు పోవట్లేదని కేకులు మొదలుపెట్టనక్కర్లేదు. అమ్మే తీరు మార్చితే చాలు. ఫోటోలు బాగా తీసే చెల్లెలో, లెక్కలు తెలిసిన మరదలో తోడుంటే అదీ డబుల్సే!

మన మైదానం మనదే

మట్టి కోర్టు ఆట గడ్డి కోర్టులో పనికిరాదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ గిన్నెకు ఆ సన్నటి తీగ పని దగ్గరగా కనిపించే వీడియో కావాలి. నిర్మల్ బొమ్మ కొనేవాళ్లకు పొనికి కర్ర బొమ్మగా మారే కథ చెప్పాలి. సకినాలకు, సర్వపిండికి ఊరికి దూరంగా ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపులే సరైన మైదానం.

మాట కూడా మనదే కావాలి. ఇప్పటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’నే చూడండి. అందులో గంగవ్వ పట్నం మాటల కోసం తంటాలు పడలేదు. తన ఊరి మాటే మాట్లాడింది. ఆ పెద్దామె యూట్యూబ్‌లో ఇంటింటి మనిషైపోయింది.

ఆదివారం అరగంట

టెన్నిస్‌లో వైపులు మారేటప్పుడు ఆటగాళ్లకు దొరికేది 90 సెకన్లు. ఏం జరుగుతోందో ఆలోచించుకునేది అప్పుడే. మీరు ఆదివారం ఒక అరగంట తీసుకోండి. పాల లెక్క రాసే నోటుపుస్తకమే చాలు. ఎంతమంది చూశారు, ఎంతమంది అడిగారు, ఎందరు కొన్నారు, ఎందరు రెండోసారి వచ్చారు, చివరికి ఎంత మిగిలింది... ఈ ఐదూ రాయండి. చూసినవారి సంఖ్య ఇన్‌స్టాగ్రామ్ వ్యాపార ఖాతాలో ఉచితంగానే కనిపిస్తుంది. వాట్సాప్ బిజినెస్‌లో అడిగినవాళ్లకూ కొన్నవాళ్లకూ వేరు వేరు గుర్తులు పెట్టుకోవచ్చు.

అన్నింటికంటే ఆ నాలుగో లెక్కను జాగ్రత్తగా చూడండి. రెండోసారి వచ్చిన మనిషికి ప్రకటన ఖర్చు ఉండదు. ఆ నలుగురిలో ఇద్దరు మళ్లీ అడిగితే 160 రూపాయలు తిరిగి వచ్చినట్టే, 180 నష్టం 20కి దిగుతుంది. వాళ్లు ఇంకో ఇద్దరికి చెప్పారా, లాభమే!

ఇంటి ఖర్చులో రూపాయి ఎక్కడ పోయిందో రాత్రికల్లా పట్టుకునే మనకు ఈ లెక్క ఒక లెక్కా!