ముందు చొక్కా పైకెత్తి చూడండి

మిరపకాయ కోతల రోజుల్లో పల్నాడు ఊళ్లలో తల్లులు పొద్దున్నే పనికి పోతారు. చంటిబిడ్డను చూసుకునేది నాయనమ్మో, అమ్మమ్మో. కాబట్టి ఈ మాటలు వాళ్ల చెవినా పడాలి. చంటిపిల్లల్లో ఊపిరితిత్తుల జబ్బు గంటల్లో ముదురుతుంది. 2019లో ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 7.4 లక్షల మంది న్యుమోనియాతో చనిపోయారు.

అపోహ: “ఒళ్లు కాలడం లేదు, వట్టి జలుబే.”

వాస్తవం: జ్వరం లేకుండా కూడా న్యుమోనియా రావచ్చు. రెండు నెలల్లోపు బిడ్డకైతే ఒళ్లు వేడెక్కే బదులు చల్లబడొచ్చు. దగ్గు ఎంత గట్టిగా వస్తోందన్నదీ లెక్కలోకి రాదు. చూడాల్సింది ఊపిరి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు ఒళ్లో పడుకోబెట్టుకుని చొక్కా పైకెత్తండి. పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో సెల్‌ఫోన్‌లో టైము పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు. పసిబిడ్డ ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నిదానంగా నడుస్తుంది. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40. లెక్క అంతకు చేరినా, దాటినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60 వస్తే వెంటనే మరోసారి లెక్కపెట్టి చూసుకోండి.

తర్వాత డొక్కలు చూడండి. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోందా? మనవాళ్లు ‘డొక్కలెగరేస్తున్నాడు’ అనేది దీన్నే. పేరు సరిగ్గానే పెట్టుకున్నాం, చేసే వైద్యమే తప్పు. దీనికి వాత పెడితే బిడ్డకు ఒంటి మీద పుండు మిగులుతుంది, పసరు పోస్తే పొలమారుతుంది, ఈలోగా ఆస్పత్రికి చేరాల్సిన సమయం గడిచిపోతుంది. డొక్కలెగరేస్తున్నా, పాలు పట్టుకోలేకపోతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. మాచర్ల అవతలి తండాలో ఉన్నా, గురజాలలో ఉన్నా 108కి ఫోన్ చేయండి. బిడ్డను గుండెకు హత్తుకుని వెచ్చగా తీసుకెళ్లండి.

అపోహ: “ముక్కులో రెండు చుక్కలు నూనె వేస్తే కఫం కరుగుతుంది.”

కరగదు. ఆముదమైనా, కొబ్బరినూనె అయినా దగ్గు కూడా రానివ్వకుండా ఊపిరితిత్తుల్లోకి జారి, తానే న్యుమోనియా తెస్తుంది. స్నానం చేయించాక ముక్కులో నోటితో ఊదే అలవాటూ మానాలి. ఊదేవాళ్ల నోట్లోని క్రిములన్నీ బిడ్డకు చేరతాయి. ముక్కు బిగుసుకుంటే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు చాలు.

సాంబ్రాణి సువాసన మనకు ఇష్టమే, బిడ్డ ఊపిరికి మాత్రం అదీ పొగే. దోమల చక్రం, కట్టెల పొయ్యి, తాతయ్య చుట్ట కూడా అంతే. స్నానమయ్యాక తల ఆరడానికి ఆ పొగ అక్కర్లేదు, వెంట్రుకలు తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతాయి.

అపోహ: “పెద్దవాడికి రాసిన దగ్గు సిరప్‌లో చిన్నదానికి కొంచెం పోస్తే సరి.”

వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకే చెప్పింది. అప్పటికే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషం కలిసిన సిరప్ తాగి పసివాళ్లు చనిపోయారు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ పోయడమూ తప్పే. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఆ మందు పనిచేయదు. న్యుమోనియా అని డాక్టరు రాస్తే మాత్రం తగ్గిందని మధ్యలో ఆపకూడదు.

బాలింత పెరుగు తిన్నంత మాత్రాన బిడ్డకు జలుబు చేయదు. తల్లికే జలుబు చేసినా పాలు మాన్పించకూడదు. ఆ జబ్బుతో పోరాడే శక్తి తల్లి పాలలోనే బిడ్డకు అందుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని పాలివ్వాలి. చూడవచ్చిన చుట్టాలకు జలుబుంటే బిడ్డను ఎత్తుకోనివ్వకండి, ముద్దులు పెట్టనివ్వకండి. వాళ్లు నొచ్చుకున్నా పర్వాలేదు.

అపోహ: “ముక్కు కారుతోంది, ఈసారికి టీకా వద్దు.”

చిన్న జలుబుకు టీకా ఆపనక్కర్లేదు. న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ టీకా ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిదో నెలలో వేస్తారు. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు. రెండూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. వచ్చినప్పుడు ఊపిరి లెక్కపెట్టడం చూపించమని అడగండి, పక్కన నాయనమ్మను కూడా కూర్చోబెట్టండి.