గుండె కాలువకు గండి

గుండె కండరానికి రక్తమిచ్చే రెండు కరోనరీ ధమనులూ బృహద్ధమని మొదట్లోనే పుట్టాలి. దాదాపు 3 లక్షల మందిలో ఒకరికి మాత్రం ఎడమ ధమని పక్కనున్న పుపుస ధమనిలోంచి వస్తుంది. 1933లో బోస్టన్ వైద్యులు బ్లాండ్, వైట్, గార్లాండ్ దీన్ని వర్ణించారు. ఇప్పుడు ఆస్పత్రుల్లో ‘ఆల్కాపా’ అంటున్నారు. పుపుస ధమనిలోని, ఆక్సిజన్ తగ్గిన చెడు రక్తం పారడమే దీని చిక్కని వినగానే అనిపిస్తుంది. కానీ అసలు చిక్కు పీడనంలో ఉంది. తల్లి కడుపులో బృహద్ధమని, పుపుస ధమనుల పీడనం ఇంచుమించు సమానం. పుట్టి ఊపిరితిత్తులు విచ్చుకున్నాక పుపుస ధమనిలో అది పడిపోతుంది. పెద్దయ్యేసరికి బృహద్ధమనిలో 120/80 ఉంటే అక్కడ 25/10 చుట్టుపక్కలే. ఇక ఎడమ ధమనిలోకి రక్తాన్ని తోసే బలమేది? పసిబిడ్డకు పాలు తాగడమే కొండెక్కినంత పని. నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది, నుదుట చెమట పడుతుంది, గుక్కపట్టి ఏడుస్తుంది. ఇంట్లోవాళ్లు కడుపునొప్పి అనుకుంటారు. అది గుండెనొప్పి. వైద్యం అందకపోతే నూటికి 90 మంది తొలి పుట్టినరోజు చూడరు.

మిగిలిన కొద్దిమందిని కుడి ధమని కాపాడుతుంది. అది లావెక్కి, మెలికలు తిరిగి, సన్నని పిల్లకాలువలతో ఎడమవైపుకూ రక్తం పంపుతుంది. అయితే నీరు పల్లమెరుగు. యాంజియోగ్రామ్‌లో కుడి ధమనిలోకి ఎక్కించిన రంగు పిల్లకాలువలు దాటి, ఎడమ ధమనిలో వెనక్కి నడిచి, పుపుస ధమనిలోకి జారిపోవడం తెరమీద కనిపిస్తుంది. కాలువ ఎంత వెడల్పయితే గండిలోంచి అంత నీరు పోతుంది. శివారు పొలం ఎండుతూనే ఉంటుంది. ఆదుకునే ఏర్పాటే దోపిడీకీ దారవుతోంది. అయినా అది కొంత ఆదుకోవడం వల్లే ఈ లోపం ఏళ్ల తరబడి దాక్కోగలుగుతోంది.

నలభై ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా బతికిన మనిషికి ఛాతీ కోయడమెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ నలభై ఏళ్లలో కండరం అక్కడక్కడా మచ్చకట్టి ఉండొచ్చు. ఆ మచ్చల దగ్గరే గుండె లయ తప్పి, ఆటలోనో పరుగులోనో ప్రాణం పోవచ్చు. అందుకే లక్షణాలు లేకున్నా ధమనిని బృహద్ధమనికి మార్చి కుట్టడమో, మొదలు కట్టేసి బైపాస్ చేయడమో మేలంటారు. బాగా ముదిరిన వయసులో బయటపడితే మాత్రం వాదనకు కొంత చోటుంది. అలాగని అందరికీ సీటీ స్కాన్ తీయమనడం డబ్బు దండగ. శ్రమ చేస్తూ స్పృహ తప్పినవారిని, చిన్నవయసులోనే మైట్రల్ కవాటం లీకవుతున్నవారిని వదలకుండా చూస్తే చాలు. రక్తం చాలక కవాటాన్ని పట్టి ఉంచే కండరాలు సడలడం వల్లే ఆ లీకు రావచ్చు. ఎకోలో లీకు కనబడగానే రిపోర్టు ముగించకుండా ఎడమ ధమని మొదలెక్కడో కూడా వెతకాలి. కుడి ధమని మరీ లావుగా కనిపిస్తే ఇంకానూ.