పెళ్లాం ఊరెళ్లింది... కథ కూడా!

మా మేనత్త పుట్టింట్లో పది రోజులుండి తిరిగొచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఎండిన తులసి కోటను చూసింది, పెరట్లో తోమకుండా పడేసిన కాఫీ గ్లాసుల్ని చూసింది. అవి రెండున్నాయి. మావయ్య వైపు తిరిగి, "గ్లాసులు రెండున్నాయేంటండోయ్? తవరు రెండు చేతుల్తో తాగేరా ఏంటీ?" అంది. పేకాటకు పక్కింటాయన్ని పిలిచిన పాపానికి మావయ్య ఆ వారమంతా తలెత్తలేదు.

మొగుణ్ని ఇంట్లో వదిలి పెళ్లాం ఊరెళితే ఏమవుతుందో మా గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా ఇలాంటి ముచ్చట ఒకటి చెబుతారు. ఆషాఢమని, సంక్రాంతని, చెల్లెలి పురుడని ఆడవాళ్లు పుట్టింటికి వెళుతూనే ఉంటారు. అందుకే 2003లో 'పెళ్లాం ఊరెళితే' వచ్చినప్పుడు, పైగా తీసింది బిక్కవోలు దగ్గర కొంకుదురు నుంచి వెళ్లిన ఎస్.వి.కృష్ణారెడ్డి అని తెలిసినప్పుడు, మన ఇల్లే తెరమీదకు వస్తోందనుకున్నాను. శ్రీకాంత్, వేణు, సంఘవి, రక్షిత నటించారు. జనం బాగానే చూశారు. నాకు మాత్రం నిరాశే మిగిలింది.

నవ్వు లేక కాదు. భీమవరం కుర్రాడు సునీల్ కనిపించిన చోటల్లా నవ్వాను, ఇప్పటికీ నవ్వుతాను. నా పేచీ అంతా కథతోనే. భార్య లేని సమయం చూసి మగాడి మనసు కాస్త మరో అమ్మాయి వైపు జారుతుంది. ఆ జారడమేమిటో, అందులో ఆశ ఎంతో, భయమెంతో, సిగ్గెంతో చూపిస్తే అసలైన హాస్యం అక్కడ పుడుతుంది. సినిమా అక్కడ ఆగదు. భార్య తిరిగొచ్చేస్తుంది, ఆ అమ్మాయిని ఇంకొకరి భార్య అని చెప్పాల్సొస్తుంది, ఆ అబద్ధాన్ని కాయడానికి మరో అబద్ధం. తలుపుల వెనక దాక్కోవడాలూ, పేర్లు మార్చుకోవడాలూ మొదలయ్యాక మొగుడి మనసు సంగతి ఎవరికీ గుర్తుండదు. చివరికి అతగాడు ఏ మచ్చా లేకుండా బయటపడతాడు. మరి రెండున్నర గంటలు మనం ఎవరి తప్పు గురించి నవ్వినట్టు?

భార్య పాత్రకైతే అనుమానం ఒక్కటే ఆస్తి. గ్లాసులు లెక్కపెట్టే మా మేనత్త చూపు గానీ, ఆ వెటకారం గానీ ఆవిడకు ఇవ్వలేదు. గోదారి ఇళ్లల్లో మొగుడు భయపడేది పెళ్లాం ఏడుపుకు కాదండీ, ఆ ఒక్క మాటకు.

కారణం వెతికితే మద్రాసు దాకా పోవాలి. ఈ కథ 2002లో ప్రభు, ప్రభుదేవా నటించిన తమిళ 'చార్లీ చాప్లిన్'. మనకొచ్చాక 2005లో 'నో ఎంట్రీ' అయి హిందీకీ వెళ్లింది. అంతకు ముందు, నిడదవోలు దగ్గర కోరుమామిడి వాడైన ఇ.వి.వి. సత్యనారాయణ 1996లో వెంకటేశ్, సౌందర్య, వినీతలతో తీసిన 'ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు' కూడా తమిళం నుంచి తెచ్చుకున్నదే. అదీ పెద్ద హిట్టు. వంటింట్లో ఉన్నది ఎవరో ఇల్లాలికి తెలియకపోవడమే అక్కడ హాస్యం! దర్శకులిద్దరూ మనవాళ్లే, మాటలు తెలుగులోనే ఉన్నాయి, కథలో ఇల్లు మాత్రం ఏ ఊరిదైనా కావచ్చు.

అలాగని మనవాళ్లకు ఈ విద్య రాదనుకుంటే పొరపాటే. 1982లో పాలకొల్లు వాడైన కోడి రామకృష్ణ తన తొలి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'ను చాలా భాగం పాలకొల్లు చుట్టుపక్కలే తీశారు. చిరంజీవి, మాధవి జంట. కానీ గుర్తుండిపోయేది, ఆ సినిమాతోనే నటుడైన గొల్లపూడి మారుతీరావు వేసిన సుబ్బారావు. పైకి పెద్దమనిషి, కళ్లు మాత్రం పక్కవాడి ఇల్లాలి మీద. అలాంటి వాడు మన వీధి అరుగు మీదే కూర్చుని ఉంటాడు కాబట్టి నవ్వుతూనే ఒళ్లు జలదరిస్తుంది. అతనిది అపార్థం కాదు, దుర్బుద్ధి. సినిమా దాన్ని ఆ పేరుతోనే పిలిచింది.

ఇంకా చిత్రమేమిటంటే, కృష్ణారెడ్డే 1994లో 'శుభలగ్నం' తీశారు. కోటి రూపాయలకు ఆమని తన మొగుడు జగపతిబాబును రోజాకు ఇచ్చేస్తుంది. ప్రలోభంలో పడింది భార్య, అదీ డబ్బు ప్రలోభం. పక్కింటి వాళ్లకున్నది తనకు లేదన్న మంట మెల్లగా రాజుకుని ఆ బేరం దాకా ఎలా వచ్చిందో ఒక్కో మెట్టూ చూపించారు. చివరికి శిక్షంతా ఆమెకే వేశారన్న ఫిర్యాదు నాకుంది. అయినా ఆమెకు ఒక కోరిక ఉందని ఆ సినిమా ఒప్పుకుంది. ఆ కథ మననుంచే బయటికి వెళ్లి 1997లో హిందీలో 'జుదాయి' అయింది. ఇంటి కథ రాసినప్పుడు అది ఊళ్లు దాటింది. బయటి నుంచి తెచ్చుకున్న కథ వచ్చి, నవ్వించి, వెళ్లిపోయింది.

ఆ తేడా తెలిసిన చెయ్యి తొమ్మిదేళ్లకే అద్దె కథకు ఒప్పుకోవడమే నా అసలు బాధ.

'పెళ్లాం ఊరెళితే' టీవీలో మళ్లీ వస్తే సునీల్ ఉన్నంతసేపు చూడండి. తర్వాత కట్టేసి, ఊరెళ్లొచ్చిన మీ అత్తనో పిన్నినో కదిపి చూడండి.